మూడు ఆదివారాల ప్రశ్న

ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదివే సమయం ఒకటుంటుంది. స్త్రీల సమాజం కూడిక ఎవరింట్లో, యవనస్తుల ఉపవాస ప్రార్థన ఎప్పుడు, ఎవరు జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నారు అనే సంగతుల నడుమ ఒక్కోసారి రెండు పేర్లు వినిపిస్తాయి. ఫలానా వారి కుమారునికీ ఫలానా వారి కుమార్తెకూ వివాహం జరగనున్నదనీ, దానికి న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా తెలిస్తే ముందుగా చెప్పాలనీ పాస్టరుగారు సంఘాన్ని అడుగుతారు. వెనుక వరుసలో కుర్రవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. పెద్దవాళ్లు పెళ్లికూతురి తల్లి వైపు చూస్తారు. కొన్ని సంఘాల్లో వరసగా మూడు ఆదివారాలు ఇదే ప్రకటన, ఇదే ప్రశ్న. మూడో వారానికి ఆ మాటలు చెవిన పడినా మనసుకు పట్టవు.

పెళ్లికి ముందు నెలల్లో మన ఇళ్లలో వినిపించే ప్రశ్నలు వేరు. హాలు దొరికిందా? వంటవాళ్లకు అడ్వాన్సు ఇచ్చామా? ఫొటోగ్రాఫరు ఎంతంటున్నాడు? శుభలేఖలో ఎవరి పేరు ముందు వేయాలి? బిర్యానీ ఎంతమందికి చెప్పాలి? ఇవన్నీ అవసరమే. పదిమందిని పిలుచుకున్నప్పుడు పదిమందికీ కడుపునిండా పెట్టాలి కదా. కానీ సంఘం అడిగే ఆ ఒక్క ప్రశ్న మాత్రం మన జాబితాలో ఉండదు. ఈ వివాహానికి అడ్డు ఏదైనా ఉందా? పాస్టరుగారు పుల్పిట్ దగ్గర నిలబడి అడిగే ఈ ప్రశ్నను రెండు కుటుంబాలూ తమ ఇళ్లలో కూర్చుని ముందుగానే, నిజాయితీగా వేసుకుంటే ఎన్ని కన్నీళ్లు ఆగుతాయో ఈ వారం ఆలోచిద్దాం.

ఎక్కడిదీ ఆచారం?

పెళ్లి ప్రకటనలు నిన్న మొన్న పుట్టినవి కావు. రహస్య వివాహాలను అరికట్టేందుకు 1215లో రోములో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ ఈ పద్ధతిని పశ్చిమ దేశాల సంఘమంతటికీ నియమంగా చేసింది. వరుస కాని సంబంధాలు, ఇదివరకే భార్య ఉన్న సంగతి దాచి చేసుకునే పెళ్లిళ్లు ఆనాటి సంఘాన్ని పీడించిన సమస్యలు. సంస్కరణ తర్వాత ఇంగ్లండు సంఘం తన ప్రార్థన పుస్తకంలో మూడు ఆదివారాల ప్రకటనను అలాగే ఉంచుకుంది. 1753లో ఆ దేశపు పార్లమెంటు చేసిన వివాహ చట్టం ప్రకటన గాని లైసెన్సు గాని లేని పెళ్లి చెల్లదని తేల్చింది. ఆ అలవాటే మిషనరీలతో పాటు మన తీరానికి వచ్చింది.

ఆచారం పడమటి నుంచి వచ్చినా దాని వెనుక ఉన్న మనసు లేఖనాల్లో ఎప్పటినుంచో ఉంది. రూతును పెళ్లాడాలనుకున్న బోయజు చాటుమాటుగా ఏమీ చేయలేదు. తనకంటే దగ్గరి బంధువు ఒకడున్నాడని అతనికి తెలుసు. కాబట్టి పట్టణపు ద్వారం దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టుకుని, ఆ బంధువును పిలిచి, అందరూ వింటుండగా విషయం తేల్చుకున్నాడు (రూతు 4:1-10). అతడు తప్పుకున్న తర్వాతే రూతును భార్యగా స్వీకరించాడు. పెద్దలు సాక్షులుగా నిలిచి ఆ ఇంటిని దీవించారు. పెళ్లి ఇద్దరి మధ్య జరిగే విషయమే అయినా పదిమంది ఎదుట వెలుగులో జరగాలన్నది ఇందులోని పాఠం.

షిఫ్టులు, ఓడలు, తుఫానులు

విశాఖపట్నంలో పెళ్లి తేదీ పెట్టడమే ఒక పెద్ద లెక్క. ఇది పని వెతుక్కుంటూ వచ్చినవారితో పెరిగిన ఊరు. 1933లో పోర్టు తెరుచుకుంది. 1948లో షిప్‌యార్డు నుంచి జలఉష నీటిలోకి దిగింది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అంటూ 1966లో సాగిన ఉద్యమం ఫలితంగా వచ్చిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల నుంచి వచ్చి మల్కాపురంలో, సింధియాలో, గాజువాకలో, ఉక్కునగరంలో స్థిరపడిన కుటుంబాలతో మన సంఘాలు నిండాయి. పెళ్లికొడుకు ఓడ మీద పనిచేస్తుంటే కాంట్రాక్టు ముగించుకుని దిగే నెల ముందుగా తెలియాలి. పెళ్లికూతురి తండ్రి ప్లాంటులో ఉంటే షిఫ్టులు మార్చుకోవాలి, సెలవు మంజూరు కావాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న అన్నయ్యకు టికెట్టు దొరకాలి. చుట్టాలు ఊళ్ల నుంచి రైలెక్కి రావాలి.

దీనికి తోడు సంఘపు క్యాలెండరు ఒకటి. ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాల్లో పెళ్లిళ్లు జరపని సంఘాలు చాలా ఉన్నాయి. క్రిస్మస్ రోజుల్లో చుట్టాలంతా ఇంటికి వస్తారు గాని పాస్టరుగారికి ఊపిరాడదు. మే నెలలో పిల్లలకు సెలవులు, పెద్దలకు ఉక్కపోత. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. ముహూర్తాలు చూడమని చెప్పుకునే మనం కూడా తెలియకుండానే ముహూర్తాల వెంట పడుతుంటాం. ఊరంతా పెళ్లిళ్లు చేసుకునే రోజునే హాలు కావాలంటాం, దాని ధర చూసి గుండె పట్టుకుంటాం. ఆషాఢంలో హాళ్లు ఖాళీగా ఉంటాయి, వంటవాళ్లు దొరుకుతారు, ధర మాట్లాడుకోవచ్చు. అయినా చుట్టాలు ఏమనుకుంటారోనని వెనకాడతాం. దినములన్నీ దేవునివేనని నమ్మేవాళ్లం తేదీ విషయంలోనైనా ఆ నమ్మకాన్ని చూపించవచ్చు.

తేదీ కుదిరాక అసలు పని మొదలవుతుంది. సంఘం మూడు ఆదివారాలు అడిగే ప్రశ్నను మనం మూడు రకాలుగా వేసుకుని చూద్దాం.

మొదటిది: ఈ పెళ్లి చెల్లుతుందా?

వినడానికి కటువుగా ఉన్నా ముందు అడగవలసింది ఇదే. మన వివాహాలకు ఆధారం 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం. వధూవరుల్లో ఒక్కరైనా క్రైస్తవులై ఉండి క్రైస్తవ వివాహం జరుపుకుంటే అది ఈ చట్టం చెప్పిన పద్ధతిలో, చట్టం అధికారమిచ్చిన వ్యక్తి చేతనే జరగాలి. అలా జరగని పెళ్లి చెల్లదని చట్టం స్పష్టంగా చెబుతోంది. ఆ అధికారం ఎవరికి? బిషప్పు చేత అభిషేకం పొందిన గురువులకు ఉంది. ప్రభుత్వం నుంచి లైసెన్సు పొందిన సేవకులకు ఉంది. వివాహ రిజిస్ట్రారుకు ఉంది. అధికారం లేకుండా పెళ్లి జరిపించిన వ్యక్తికి పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

మన నగరంలో స్వతంత్ర సంఘాలు వీధి వీధినా వెలిశాయి. అందుకు దేవునికి స్తోత్రం. అయితే చక్కగా ప్రసంగించే ప్రతి దైవజనుని దగ్గరా వివాహ లైసెన్సు ఉంటుందని అనుకోకూడదు. అడగడానికి మొహమాటపడతాం. అయ్యగారిని అనుమానించినట్టు ఉంటుందేమోనని భయపడతాం. పెళ్లయిన కొన్నేళ్లకు పాస్‌పోర్టులో భార్య పేరు చేర్చాలన్నా, విదేశానికి వీసా కావాలన్నా, దేవుడు తప్పించుగాక, భర్త పోయాక పింఛను రావాలన్నా ఆ ఒక్క కాగితమే అడుగుతారు. అప్పుడు చిక్కుల్లో పడేది ఎక్కువగా ఆడపిల్లే. లైసెన్సు ఉన్న సేవకులు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. లేనివారు, లైసెన్సు ఉన్న మరో సేవకుణ్ణి పిలిచి తాము వాక్యం చెప్పి దీవించవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

లైసెన్సు పొందిన సేవకుని చేతి మీదుగా పెళ్లి జరిగేటప్పుడు వధూవరుల్లో ఒకరు ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇద్దరి పేర్లు, వృత్తి, నివాసం, అక్కడ ఎంతకాలంగా ఉంటున్నారు, పెళ్లి ఏ స్థలంలో జరుగుతుంది అన్నవి అందులో ఉంటాయి. మందిరంలో అయితే దాన్ని అందరికీ కనిపించేచోట అంటిస్తారు. ఇంట్లో పెళ్లి అయితే ఆ నోటీసు వివాహ రిజిస్ట్రారుకు వెళుతుంది. నోటీసు అందిన తర్వాత నాలుగు రోజులు గడవాలి. తమకు తెలిసి ఏ ఆటంకమూ లేదని వధూవరుల్లో ఒకరు ప్రమాణపూర్వకంగా చెప్పాలి. అప్పుడే ధ్రువపత్రం వస్తుంది. అది వచ్చిన రెండు నెలల్లోగా పెళ్లి జరగకపోతే చెల్లదు, మళ్లీ నోటీసు ఇవ్వాల్సిందే. ఓడ ఆలస్యమై పెళ్లి వాయిదా పడిన కుటుంబాలు ఇది గుర్తుంచుకోవాలి. వరునికి ఇరవై ఒకటి, వధువుకు పద్దెనిమిది ఏళ్లు నిండాలి. సేవకుడు కాక కనీసం ఇద్దరు సాక్షులుండాలి.

సమయం సంగతి కూడా చాలామందికి తెలియదు. కొన్ని మినహాయింపులు తప్పిస్తే ఈ చట్టం కింద వివాహం ఉదయం 6 గంటలకూ సాయంత్రం 7 గంటలకూ మధ్యనే జరగాలి. సాయంత్రం ఐదింటికని కార్డులో వేస్తాం. పెళ్లికూతురి అలంకరణ ఆరున్నరకు పూర్తవుతుంది. గేటు దగ్గర డ్రోను ఎగరాలి, కారు దిగడం రెండుసార్లు తీయాలి. ఏడున్నరకు ప్రమాణాలు మొదలవుతాయి. పెళ్లికి వచ్చిన ముసలివాళ్ల ఓపికా, చట్టపు గడియారమూ రెండూ అప్పటికే అయిపోతాయి.

పెళ్లయ్యాక నమోదు మరచిపోకూడదు. వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ మన రాష్ట్రం 2002లో చట్టం తెచ్చింది. ఏ మతస్థులైనా వివాహాన్ని నమోదు చేయించాలని 2006లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పెళ్లి ఖర్చుల జాబితాలో ఇది అన్నిటికంటే చిన్న ఖర్చు. జీవితాంతం అక్కరకొచ్చేదీ ఇదే.

రెండవది: ఇద్దరికీ ఇష్టమేనా, ఇద్దరికీ తెలుసా?

అబ్రాహాము సేవకుడు రిబ్కాను వెతికిన కథ మన పెళ్లిళ్లలో తరచూ వింటాం. బావి దగ్గర అతని ప్రార్థన గురించి, ఒంటెలకు నీళ్లు తోడిన అమ్మాయి మంచితనం గురించి ప్రసంగికులు చక్కగా చెబుతారు. ఆ కథలో తర్వాత వచ్చే ఒక చిన్న సంగతిని మాత్రం దాటిపోతుంటారు. తండ్రి, అన్న ఒప్పుకున్నారు. నగలు ఇచ్చారు, భోజనాలు అయ్యాయి. అయినా మరుసటి ఉదయం బయలుదేరే ముందు ఇంటివారు రిబ్కాను పిలిచి వెళతావా అని ఆమెనే అడిగారు. ఆమె వెళతానని తన నోటితో చెప్పింది (ఆదికాండము 24:57-58). దేవుడు నడిపించిన సంబంధమని అందరూ నమ్మినచోట కూడా అమ్మాయి మాట అవసరమైంది. మా అమ్మాయి మా మాట జవదాటదు అని గర్వంగా చెప్పుకునే ముందు ఆ అమ్మాయిని ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని, నీకిది ఇష్టమేనా అమ్మా, వద్దంటే ఎవరూ ఏమీ అనరు అని అడిగామా? అబ్బాయినీ అడగాలి. ఉద్యోగం, ఎత్తు, రంగు చూసి పెద్దలు కుదిర్చిన సంబంధానికి తలూపి, పెళ్లయ్యాక ముఖం చాటేసే కొడుకులు కూడా ఉన్నారు.

ప్రధానానికీ పెళ్లికీ మధ్య ఉండే నెలలు షాపింగు కోసమే అన్నట్టు మారిపోయాయి. జగదాంబ జంక్షన్‌లో చీరలు, పెళ్లికి ముందే ఆర్కే బీచ్‌లోనో అరకులోనో ఫొటోలు. ఇద్దరూ నవ్వుతూ నిలబడిన ఫొటోలు వందలకొద్దీ ఉంటాయి. ఇద్దరూ కూర్చుని నిజాలు మాట్లాడుకున్న గంటలు మాత్రం ఉండవు. మరియ యోసేపుల సంగతి చూడండి. ప్రధానం జరిగి, ఏకం కాకముందు వారి మధ్యకు అంతుపట్టని కష్టం వచ్చింది. యోసేపు ఆమెను నలుగురిలో అవమానించాలనుకోలేదు. దేవుని మాట విన్నాక ఆమెను వదిలిపెట్టలేదు (మత్తయి 1:18-25). ప్రధానపు రోజులు ఎంత బరువైన సంగతులను మోయవలసి రావచ్చో ఆ ఇల్లు మనకు చూపించింది.

మరి ఏం మాట్లాడుకోవాలి? మన ఊరి సంగతులే చూద్దాం. ప్లాంటులో ఉద్యోగం అన్నారు, పర్మినెంటా, కాంట్రాక్టా? కాంట్రాక్టు పని చిన్నతనం కాదు. దాన్ని దాచడమే తప్పు. జీతంలో ఏయే అప్పులకు ఎంత పోతుంది? తల్లిదండ్రులను చూసుకునే బాధ్యత ఎవరిది, చెల్లెలి చదువు ఎవరు మోస్తారు? ఓడ మీద ఆరేడు నెలలు ఉండే భర్త ఇంట లేనప్పుడు కోడలు అత్తయ్యగారింట్లో ఉంటుందా, పుట్టింట్లో ఉంటుందా? ఆమె ఉద్యోగం మానాలా? నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి ఆదివారం ఉదయం ఆరాధనకు ఎలా వస్తాడు? ఒకరిది బాప్టిస్టు సంఘం, మరొకరిది సీఎస్ఐ అయితే ఏ సంఘానికి వెళతారు, పుట్టే బిడ్డకు బాప్తిస్మం విషయంలో ఏం చేస్తారు? మూర్ఛ, షుగరు, గుండె జబ్బు, మానసిక వైద్యం లాంటివి ఉంటే చెప్పారా? రక్తపరీక్షలు, హెచ్‌ఐవీ పరీక్షతో సహా, ఇద్దరూ చేయించుకున్నారా? ఇదివరకు ప్రధానం జరిగి ఆగిపోయిందా? తాగుడు అలవాటు ఉందా?

ఈ మాటలు కాబోయే వియ్యంకుల మధ్య కదపడం కష్టం. సంబంధం చెడగొట్టినట్టు అవుతుందని భయం. అందుకే ఇక్కడ సంఘం సాయపడాలి. పాస్టరుగారూ, అనుభవమున్న ఒక దంపతులూ కలిసి నాలుగైదు సాయంత్రాలు వధూవరులతో కూర్చోవడం ప్రతి సంఘంలోనూ నియమం కావాలి. పెళ్లికి రెండు రోజుల ముందు హడావుడిగా ఇచ్చే గంట సలహా ఇందుకు చాలదు. ఆ మాటల్లో ఒకవేళ సంబంధం ఆగిపోయినా అది నష్టం కాదు. పెళ్లికి ముందు ఆగిన సంబంధం ఒక నెల నగుబాటు. దాచిపెట్టి చేసిన పెళ్లి జీవితకాలపు శిక్ష. ఆగిన సంబంధం గురించి గుసగుసలాడకుండా ఆ అమ్మాయిని కాపాడటం కూడా మన సంఘాల పనే.

మూడవది: ఎవరి కన్నీటితో ఈ పెళ్లి?

కట్నం గురించి మన పుల్పిట్లు మాట్లాడినంతగా మన ఇళ్లు మారలేదు. మేమేమీ అడగం అండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటే అదే అనే మాటలో ఎంత బరువుందో ఆడపిల్లను కన్నవారికి తెలుసు. ఆ తర్వాత ఆడపడుచు కట్నం వస్తుంది, పెళ్లికొడుకు సూటు వస్తుంది, బండి వస్తుంది, మా వాళ్లు మూడొందల మంది వస్తారు అన్న కబురు వస్తుంది. చేతిలో బైబిలు, పెట్టెలో లాంఛనాల జాబితా రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి.

కొందరు లేఖనం నుంచే సమర్థన తెస్తారు. కాలేబు తన కూతురు అక్సాకు పొలమూ నీటి మడుగులూ ఇచ్చాడు కదా (యెహోషువ 15:16-19), సొలొమోను భార్యకు ఆమె తండ్రి ఫరో గెజెరు పట్టణాన్ని ఇచ్చాడు కదా (1 రాజులు 9:16) అంటారు. జాగ్రత్తగా చదివితే అవి రెండూ తండ్రి తన కూతురికి ఇచ్చిన ఆస్తి. వరుని తండ్రి బేరం పెట్టి పుచ్చుకున్న సొమ్ము కాదు. పైగా బైబిలు నాటి పెళ్లిళ్లలో ఇవ్వవలసిన భారం ఎక్కువగా మగవారి వైపే ఉండేది. యాకోబు రాహేలు కోసం ఏడేళ్లు, మోసపోయాక మరో ఏడేళ్లు మామ దగ్గర పనిచేశాడు. కూతురికి ప్రేమతో ఏమైనా ఇవ్వాలనుకుంటే ఆమె పేరున ఇద్దాం. ఆమె చదువుకు, ఆమె ఖాతాకు, ఆమె పేరున స్థలానికి ఇద్దాం.

చట్టం సంగతీ గుర్తుండాలి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా కనీసం ఐదేళ్ల జైలు, కనీసం 15,000 రూపాయలు గాని కట్నం విలువ ఎంతైతే అంత గాని, ఏది ఎక్కువైతే అది జరిమానా అని చెబుతోంది. అడగకుండా ఇచ్చిన బహుమతులకు 1985 నాటి నిబంధనల ప్రకారం జాబితా రాయాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వారికి వధూవరులతో బంధుత్వం ఏమిటి అన్నవి రాసి ఇద్దరూ సంతకం చేయాలి. పెళ్లి రిజిస్టరు మీద సంతకాలు పెట్టించే సంఘ పెద్దలు ఈ జాబితా కూడా అడిగి చూస్తే చాలా ఇళ్లలో లెక్కలు తిన్నగా ఉంటాయి.

కట్నం లేకపోయినా ఆడంబరం ఒక కుటుంబాన్ని ముంచగలదు. బిడ్డ పెళ్లికి ఒక తండ్రి ఐదు లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. నెలకు వడ్డీయే 10,000. అసలు కదలకుండా మూడేళ్లు గడిస్తే వడ్డీ కిందే 3,60,000 పోతుంది. ఆ డబ్బు ఇంకో బిడ్డ చదువులోంచో, తల్లి మందుల్లోంచో వస్తుంది. జీతం ఎప్పటికీ ఇలాగే వస్తుందనే ధైర్యంతో అప్పు చేస్తాం. ఉక్కు కర్మాగారంలో కేంద్ర ప్రభుత్వం నూరు శాతం వాటా అమ్మాలని 2021 జనవరిలో నిర్ణయించినప్పుడు గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా ఇళ్లలో ఎంత దిగులు నిండిందో మన సంఘాల ప్రార్థనలకు తెలుసు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటన వచ్చింది. ఆ నడుమ జీతాలు ఆలస్యమైన నెలల్లో కూడా వడ్డీ మాత్రం ఆలస్యం కాలేదు.

గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని తన దగ్గరున్నది చాలుతుందో లేదో లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు. పునాది వేసి ముగించలేకపోతే చూసేవారు నవ్వుతారని కూడా చెప్పాడు (లూకా 14:28-30). ఆ మాట ఆయన చెప్పింది తనను వెంబడించేవారికి. వెంబడించడంలో ఖర్చు లెక్క చూసుకోవడం నేర్చుకున్నవారు ఇంటి ఖర్చు లెక్క చూసుకోలేరా? లూకా సువార్తకూ మన ఊరికీ ఒక బంధం ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ సేవకులు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు సాయంతో అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. వారి శ్రమ ఫలంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో తెలుగులో అచ్చయ్యాయి. లెక్క చూసుకోమన్న ఆ మాట ఈ ఊరి నుంచే తెలుగు అక్షరాల్లోకి వెళ్లింది. అది ఈ ఊళ్లో వినబడాలి.

కానాలో ఏం జరిగింది?

ఇలా చెబుతుంటే పెళ్లిని ఉపవాస కూడిక చేయమంటున్నారా అని ఎవరైనా అడగవచ్చు. ఎంతమాత్రం కాదు. మన ప్రభువు పెళ్లి విందుకు వెళ్లాడు. అక్కడ ద్రాక్షారసం అయిపోతే ఆ ఇంటివారు తలదించుకోకుండా కాపాడాడు (యోహాను 2:1-11). విందు ఆయనకు ఇష్టం. ఆ కథలో మనం గమనించవలసింది మరొకటి ఉంది. కొరత సంగతి మొదట గ్రహించింది మరియ. ఆమె నలుగురిలో గోల చేయలేదు, విందు పెట్టినవారిని తప్పుపట్టలేదు. చెప్పవలసిన ఒక్కరికి నెమ్మదిగా చెప్పింది. పనివాళ్లు నీళ్లు మోశారు. పెళ్లివారి కొరత అలా తీరింది.

మన సంఘాలు అలా ఉండవచ్చు. మందిరం, కుర్చీలు, పెద్ద గిన్నెలు సంఘానికి ఉంటాయి. గాయక బృందం ఉంటుంది. పూర్ణా మార్కెట్‌కు తెల్లవారుజామున వెళ్లి పూలు, కూరగాయలు తేగల కుర్రవాళ్లు ఉంటారు. పెళ్లికూతురి తెల్లచీర కుట్టుపని చూసే అక్కలు, పిండివంటలు చేయగల అత్తలు, పిన్నులు ఉంటారు. వీరందరి చేతులూ కలిస్తే ఈవెంటు వాళ్లకు ఇచ్చే డబ్బులో సగం మిగులుతుంది. కలవాడి పెళ్లికి లేనివాడు కుర్చీలు వేయడం, లేనివాడి పెళ్లికి కలవాడు వడ్డించడం ఒకప్పుడు మన సంఘాల్లో మామూలు సంగతి. సంఘంలో నలుగురు ఉన్నవారు తమ పెళ్లిళ్లను సాదాగా చేసి చూపిస్తే లేనివారికి అప్పు చేయవలసిన అవసరం దానంతటదే తగ్గుతుంది. సాదాతనం లేనివారికే బోధించి ఉన్నవారిని వదిలేస్తే ఆ బోధ ఎవరికీ తలకెక్కదు.

మన ప్రణాళికలు ఎంత పెళుసో కూడా ఈ ఊరికి తెలుసు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది. చెట్లు కూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. 2020లో కరోనా వచ్చింది. పెళ్లికి యాభై మందికి మించి రాకూడదన్నారు. ఆ ఏడాది ముఖానికి మాస్కులతో, ఇంటివాళ్ల ఎదుట, మిగతా చుట్టాలు ఫోనులో చూస్తుండగా ప్రమాణాలు చేసిన జంటలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. వారి వివాహాలకు ఏ లోటూ లేదు. హాలు, స్టేజీ, బాజా భజంత్రీలు లేకపోయినా ప్రమాణం నిలిచింది, ఉంగరం నిలిచింది, సిలువ గుర్తున్న మంగళసూత్రం నిలిచింది. పెళ్లికి నిజంగా కావలసినవి ఎంత కొద్దివో ఆ రోజులు మనకు చూపించాయి.

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవారికి

ఆరు నెలల ముందు: అబ్బాయిని, అమ్మాయిని విడివిడిగా, భయం లేకుండా అడగండి. రెండు కుటుంబాలూ కూర్చుని మొత్తం ఖర్చు ఎంతో, ఎవరు ఎంత మోస్తారో కాగితం మీద రాసుకోండి. అప్పు లేకుండా జరిగే పెళ్లి ఎంతలో అవుతుందో ముందు చూసి, దాని ప్రకారమే హాలు, భోజనాలు అనుకోండి.

నాలుగు నెలల ముందు: పాస్టరుగారిని కలిసి తేదీ, మందిరం, లైసెన్సు సంగతి తేల్చుకోండి. బాప్తిస్మ ధ్రువపత్రం, వయసు రుజువులు, ఇతర సంఘస్థులైతే ఆ సంఘం నుంచి ఉత్తరం సిద్ధం చేసుకోండి. వైద్య పరీక్షలు అప్పుడే చేయించండి.

రెండు, మూడు నెలల ముందు: సలహా కూడికలకు ఇద్దరూ తప్పక వెళ్లాలి. ఓడ మీదున్న అబ్బాయి ఫోనులోనైనా కూర్చోవాలి. శుభలేఖలు ఆ తర్వాతే అచ్చు వేయించండి.

చివరి నెల: నోటీసు, పెళ్లి ప్రకటనలు, బహుమతుల జాబితా, సాక్షులు. రోజూ రాత్రి పది నిమిషాలు రెండు ఇళ్లలోనూ ఆ జంట కోసం ప్రార్థన. పెళ్లయ్యాక నమోదు ఎవరు చేయిస్తారో పేరు పెట్టి అప్పగించండి.

ఈసారి మీ సంఘంలో పెళ్లి ప్రకటన చదివినప్పుడు వినండి. ఆ ఇద్దరి పేర్లూ మనసులో ఉంచుకోండి. మొదటి ఆదివారం వారి కోసం ప్రార్థించండి. రెండో ఆదివారం ఆ తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లి, ఏ పనికి మనిషి కావాలో అడగండి. మీకు తెలిసిన నిజమైన అడ్డు ఏదైనా ఉంటే వీధిలో కాకుండా పాస్టరుగారికి చెప్పండి. మూడో ఆదివారానికి ఆ ఇంట్లో భయాలు కొంత తగ్గి, దాచిన మాటలు బయటపడి, తండ్రి భుజాల మీద అప్పు లేకుండా ఉంటే ఆ ప్రకటన చదివినందుకు ఫలం దక్కినట్టే. అట్టి ఇళ్లను కట్టే కృప ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక.